పద్మక్క ఐరిస్ గింజలు

2022 జూలై. మా యూనివర్సిటీకి తార్నాక వైపు నుంచి వస్తే, వృక్షశాస్త్ర విభాగం వెనకాల షేడ్ నెట్ వేసిన చిన్న తోట, దానికి ఆనుకుని రెండు గదుల సీడ్ ల్యాబ్ ఉంటాయి. అప్పటికి ఆ ల్యాబ్‌లో టెక్నికల్ అసిస్టెంటుగా నాకు పద్నాలుగేళ్ళ సర్వీసు. మాది అనంతపురం దగ్గర పల్లె. ఉద్యోగం కోసం వచ్చి తార్నాకలోనే ఉండిపోయాను.

మా పని బయటివాళ్ళకు పెద్దగా తెలియదు. ఎవరైనా విత్తనాలు పంపితే అవి మొలుస్తాయో లేదో చూసి చెప్పాలి. గింజలను తడి కాగితాల మధ్య పరిచి, చుట్టలు చుట్టి, జెర్మినేటర్ అనే బీరువాలాంటి పెట్టెలో నిలబెడతాం. అందులో వేడి, తేమ మనం అనుకున్నంతే ఉంటాయి. తరువాత ఒక రోజున విప్పి లెక్కపెడతాం. దాన్ని ఫైనల్ కౌంట్ అంటాం. మొక్కజొన్నకు ఏడో రోజు, వరికి పద్నాలుగో రోజు. ఆ రోజుకు మొలిచినవి ఒక గడిలో, చచ్చినవి ఇంకో గడిలో రాస్తాం. మధ్యలో ఇంకో గడి కూడా ఉంటుంది. మొలకెత్తలేదు గానీ ఇంకా గట్టిగా, చెడకుండా ఉన్న గింజలకు అది. వాటిని ఫ్రెష్ అన్‌జెర్మినేటెడ్ అంటాం. ఆ మూడో గడిని నేను ఒకసారి వదిలేశాను. ఈ కథంతా దాని గురించే.

ఆ రోజు సన్నగా వాన పడుతోంది. ఖాకీ ప్యాంటు వేసుకున్న ఒక మనిషి వరండాలోని సిమెంటు బెంచీ మీద ఒకామెను జాగ్రత్తగా కూర్చోబెట్టి లోపలికి వచ్చాడు. యాభై దాటి ఉంటాయి. పేరు మల్లేశం అనీ, సిటీ బస్సు డ్రైవరుననీ చెప్పాడు.

"మేడం, మా ఇంటామె పద్మ. మీకు ఎరికే గదా. లైబ్రరీల పనిజేస్తది."

నేను కిటికీలోంచి చూశాను. తెలియకేం! మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కడుక్కుని నేరుగా మా తోటకు వచ్చేది పద్మక్క. నాకంటే ఆరేళ్ళు పెద్ద. "విజయా, ఈ దుంప ముక్క ఒకటి తీసుకోనా?" అని అడిగి, నేను ఊఁ అనేలోపే పీకేది. అంత చురుకైన మనిషి ఇప్పుడు కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆ చెయ్యి తనది కానట్టు కూర్చుంది.

మార్చిలో ఆమెకు పక్షవాతం వచ్చింది. కాలు కొంత కోలుకుంది, చెయ్యి ఇంకా లేదు. మాట పూర్తిగా పోయింది. విన్నది అర్థమవుతుంది, మాట మాత్రం నోటికి అందదు. డాక్టర్లు దాన్ని అఫేసియా అంటారని మల్లేశం చెప్పాడు. వారానికి రెండుసార్లు విద్యానగర్‌లో స్పీచ్ థెరపీకి తీసుకెళ్తున్నాడు.

జేబులోంచి ఒక మాత్రల డబ్బా తీసి నా టేబుల్ మీద పెట్టాడు. లోపల నల్లటి గింజలు. మిరియాలంత, నున్నగా మెరుస్తూ ఉన్నాయి. చూడగానే గుర్తుపట్టాను. ఐరిస్ గింజలు. చలి ప్రాంతాల్లో పెరిగే నీలం ఐరిస్ మన ఎండలకు నిలవదు. ఇది వేరే రకం, మన వేడికి తట్టుకుంటుంది. ఆకులు విసనకర్ర విప్పినట్టు ఉంటాయి. నారింజ రంగు పూల మీద ఎర్రటి చుక్కలు. కాయ పగిలితే నల్లటి గింజలు గుత్తిగా బయటపడతాయి. మా తోటలోనూ ఒక మడి ఉంది.

"ఈమె పూలకు దారాలు కట్టేటిది మేడం. పొద్దున్నే లేశి, గా పూవు పుప్పొడి ఈ పూవుకు పూశి, గురుతుకు ఎర్ర దారం కడ్తుండె. పూలకు తాయత్తులేంది పద్మా అని నవ్వుతుంటి. ఇప్పుడు దవాఖాన నుంచి వచ్చిన కాడ్నుంచి ఈ డబ్బా చేతుల పట్టుకుంటది, నా దిక్కు చూస్తది, ఏడుస్తది. ఏం జెయ్యాల్నో చెప్పలేదాయె."

"మీరేమైనా వేశారా?"

"జూన్ల తొలి వాన పడంగనే పది గింజలు కుండీల ఏసిన. మాది వ్యవసాయమే మేడం. కందులు, మక్కలు ఏస్తే వారం దినాలల్ల లేస్తయి. ఇవి నెల దాటినా లేస్తలేవు. నేనే ఖరాబు చేసిన్ననుకుంటుందేమో. ఇగ ఇరవై ఒకటి మిగిలినయి. మీరన్న ఎట్లన్న మొలిపియ్యుండ్రి."

నేను వరండాలోకి వెళ్ళాను. "బాగున్నావా అక్కా?" అన్నాను. అనగానే ఆ మాట ఎంత తెలివితక్కువదో తెలిసింది. ఆమె నన్ను చూసి, ఎడమచెయ్యి పైకెత్తి ఏదో చూపించబోయింది. చెయ్యి ఒకసారి కిందికి, కాసేపు ఆగి మళ్ళీ కిందికి. గొంతులోంచి "అ… అ…" అని రెండు శబ్దాలు వచ్చాయి.

"గట్లనే చేస్తది మేడం," అన్నాడు మల్లేశం నొచ్చుకుంటూ.

ఆమెను అలా చూస్తూ నిలబడడం నాకు కష్టమైంది. "మొలిపిద్దాంలే అక్కా, నువ్వేం బాధపడొద్దు," అని భుజం తట్టి లోపలికి వచ్చేశాను. మిగతా ప్రశ్నలన్నీ మల్లేశాన్నే అడిగాను. ఆ గింజల గురించి ఏమీ తెలియని మనిషిని.

ఐరిస్ గింజ మొండిది. దాని తొక్కలోనే మొలకను ఆపే పదార్థం ఉంటుంది. మంచి కాలం వచ్చేదాకా గింజ నిద్రపోతుంది. ఆ నిద్రను డార్మెన్సీ అంటాం. దాన్ని లేపడానికి వారం రోజులు రోజూ నీళ్ళు మారుస్తూ నానబెట్టాను. తరువాత తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో రెండు నెలలు ఉంచాను. చలికాలం గడిచిందని గింజను నమ్మించడం అన్నమాట. మా భాషలో స్ట్రాటిఫికేషన్. సెప్టెంబరు చివర ట్రేలో ఇసుక, కొబ్బరిపొట్టు కలిపి విత్తి, కిటికీ పక్కన పెట్టాను.

అక్టోబరు, నవంబరు గడిచాయి. ఏమీ రాలేదు. మల్లేశం పదిహేను రోజులకోసారి ఫోన్ చేసేవాడు. "ఏమన్న కనవడ్తుందా మేడం?" లేదని చెప్పేదాన్ని. "మంచిది, మళ్ళ చేస్త," అని పెట్టేసేవాడు.

డిసెంబరులో ల్యాబ్ నిండా శనగ, వేరుశనగ నమూనాలు వచ్చిపడ్డాయి. ట్రేలకు చోటు లేదు. ఒక సాయంత్రం పద్మక్క ట్రేలోంచి నాలుగు గింజలు తీసి వేళ్ళ మధ్య నొక్కాను. రెండు మెత్తగా చితికి, కుళ్ళిన వాసన వేశాయి. రెండు గట్టిగా ఉన్నాయి. గట్టిగా ఉన్నాయంటే దాన్ని ఎలా చూడాలో నాకు తెలుసు. గింజను కోసి టెట్రజోలియం అనే ద్రావణంలో ఉంచితే, లోపల ప్రాణం ఉన్న భాగం ఎర్రబడుతుంది. ఒక్క రోజు పని. రైతు పంపిన నమూనా అయితే తప్పకుండా చేసేదాన్ని, ఎందుకంటే అక్కడ నా సంతకం ఉంటుంది. ఇది తెలిసినవాళ్ళ కోసం చేస్తున్న పని, దీనికి రిజిస్టరు లేదు. ట్రే తీసుకెళ్ళి తోట మూలన పాత మట్టి పోసే కుప్ప మీద గుమ్మరించాను. ట్రే కడిగి శనగ వేశాను.

మల్లేశానికి ఫోన్ చేసి చెప్పాను. "రాలేదన్నా. పాతబడిన గింజలు. చచ్చిపోయాయి."

"మరి ఆమెకు ఏం చెప్పాలె మేడం?"

"ఉన్నమాట చెప్పేయండి. కొత్త మొక్క కావాలంటే మా మడిలోంచి ఇస్తాను."

"సరే," అన్నాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం మల్లేశం మళ్ళీ వచ్చాడు. డ్యూటీ దిగి అంబర్‌పేట నుంచి నేరుగా వచ్చాడు. చేతిలో మడతలు పడ్డ కాగితం. స్పీచ్ థెరపీలో ఇచ్చే బొమ్మల కాగితం వెనకవైపు పెన్సిలుతో గీసి ఉంది.

"మేడం, గింజలు చచ్చినయని చెప్పిన కాడ్నుంచి దినాము ఇదే బొమ్మ గీస్తుంది. ఎడమచేత్తోని. నాకు సమజైతలేదని కాయిదం నా ముంగట కొడ్తుంది. థెరపీ మేడంకు చూపిస్తే చెయ్యికి మంచి కసరత్తు అన్నది. ఇది గింజల సంగతేనా, జర చూడుండ్రి."

నాలుగు గడులు గీసి ఉన్నాయి, వంకరటింకరగా. ప్రతి గడిలోనూ ఒక కుండీ. మొదటి కుండీ పైన ఏటవాలు గీతలు. రెండో దాని మీద ఏమీ లేదు. మూడో దాని పైన సూర్యుడు, పొడుగాటి కిరణాలతో. నాలుగో దాని పైన మళ్ళీ ఏటవాలు గీతలు. ఆ నాలుగో కుండీలో మాత్రం చిన్న విసనకర్రలా మూడు ఆకులు.

వరండాలో ఆమె ఎడమచెయ్యి రెండుసార్లు ఎందుకు కిందికి దిగిందో అప్పుడు అర్థమైంది. ఆమె చూపించింది వాన. రెండు వానలు.

"ఇది గింజల సంగతే అన్నా," అన్నాను. "ఇది మొదటి వాన. ఇది చలికాలం. ఇది ఎండాకాలం. ఇది రెండో వాన. ఈ గింజలు వేసిన ఏడాది మొలవవు, మరుసటేడు వానకు మొలుస్తాయి అని చెప్తోంది. తను ఇంతకుముందు పెంచి చూసింది కదా."

ఆయన మొహం ఒక్కసారిగా విప్పారింది. "అంటే ఇంక ఉన్నట్టేనా మేడం? చచ్చిపోలేదా?"

నా దగ్గర ట్రే లేదు. ఆ మాట ఆయన మొహం చూస్తూ చెప్పలేకపోయాను. "రేపు నేనే మీ ఇంటికి వస్తాను," అన్నాను.

ఆయన వెళ్ళగానే తోటలోకి పరుగెత్తాను. మూలన మట్టికుప్ప లేదు. నేల శుభ్రంగా చదును చేసి ఉంది. మా తోటలో సాయమ్మ అని రోజుకూలీ మాలి ఉంది. గోల్నాక నుంచి వస్తుంది. మా అందరికంటే ఆ తోట ఆమెకే బాగా తెలుసు.

"సాయమ్మా, మూలనున్న మట్టి ఏమైంది?"

"సంకురాత్రికి ముందే తీసిన గదమ్మా. మందార చెట్ల కింద, గోడ పొంటి పోసిన."

"అందులో నేను డిసెంబర్లో గుమ్మరించిన ఇసుక కూడా ఉందా?"

"ఆ తెల్ల ఇసుకనా? ఉన్నది. గీ చివర్నే పోసిన." ఆమె నా మొహం చూసి పార కింద పెట్టింది. "ఏందమ్మా, ఏమన్న పోయిందా?"

విషయం చెప్పాను. సాయమ్మ నాలుగు ఇటుకలు తెచ్చి ఆ చివర చుట్టూ పాతింది. "ఈడ నేను గడ్డపార పెట్ట. ఇంకెవర్నీ పెట్టనియ్య," అంది.

మరునాడు సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తార్నాకలో మా వీధికి నాలుగు వీధుల అవతల చిన్న ఇల్లు. ఇంటి ముందు మూడడుగుల జాగా, అందులో వరసగా కుండీలు. పద్మక్క ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మల్లేశం టీ పెడతానని లోపలికి వెళ్ళబోతే ఆపాను. ఇద్దరూ వినాలి.

"అక్కా, గింజలు చచ్చిపోయాయని నేను చెప్పింది నిజం కాదు. సరిగ్గా చూడకుండానే చెప్పాను. కొన్ని గట్టిగానే ఉన్నాయి. పరీక్ష చేసి చూడాల్సింది, చెయ్యలేదు. ట్రే తీసుకెళ్ళి పారబోశాను. మట్టి ఎక్కడుందో దొరికింది. గింజలు అందులో ఉన్నాయో లేవో తెలీదు."

ఆమె నా వైపు చూస్తూనే ఉంది. ఎడమచెయ్యి కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, మాట కాలేదు. తరువాత మొహం గోడవైపు తిప్పుకుంది.

మల్లేశం మెల్లగా అన్నాడు. "మీ చేతుల పెట్టినంక నేను నిమ్మలంగ ఉన్న మేడం. సదువుకున్నోళ్ళు, మీకంటె ఎవలికి తెలుస్తది అనుకున్న. మీరు చచ్చినయంటె నేను గదే మాట ఆమెకు చెప్పిన. రెండు దినాలు బువ్వ ముట్టలే."

నిలబడే ఉన్నాను. వచ్చేయడానికి మనసు రాలేదు, కూర్చోమని వాళ్ళు అనలేదు. కుండీల వరస వైపు చూసి అడిగాను.

"అన్నా, మీరు మొదట వేసిన పది గింజల కుండీ ఏది?"

"అదా," అని చివరన ఉన్న పెద్ద కుండీ చూపించాడు. నిండా పుదీనా. "మొలుస్తలేవని కోపం వచ్చి అండ్ల పుదీన కొమ్మలు గుచ్చిన."

"మట్టి మార్చారా?"

"మట్టెందుకు మారుస్త? అదే మట్టి."

పద్మక్క గోడవైపు నుంచి ఇటు తిరిగింది.

ఆ రోజు నుంచి ప్రతి శనివారం ల్యాబ్ నుంచి వస్తూ వాళ్ళింట్లో ఆగేదాన్ని. మొదటి రెండు వారాలు ఆమె నా వైపు చూడలేదు. మూడో వారం మల్లేశం థెరపీలో నేర్పిన సంగతి ఒకటి చెప్పాడు. "ఒక్కటే మాట అడగాలెనంట. అడిగి, మనసుల పది లెక్కవెట్టుకొని ఆగాలెనంట. మనం తొందరవడి మనమే చెప్తే ఆమె మాట లోపల్నే ఉండిపోతదంట." నేను అలాగే అడగడం మొదలుపెట్టాను. కుండీకి నీళ్ళు పొయ్యాలా అక్కా? పది లెక్కపెట్టేవరకు ఆగడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఎనిమిదో తొమ్మిదో దగ్గర ఆమె తల అడ్డంగా ఊపేది.

మార్చి నెలాఖరు నుంచి నీళ్ళు పొయ్యనివ్వలేదు. నా చదువు ప్రకారం మట్టి కొంచెం తడిగా ఉంచాలి. ఆ మాట అన్నాను కూడా. ఆమె "కా… కాదు," అంది. అప్పటికి అలాంటి మాటలు నాలుగైదు తిరిగి వచ్చాయి. నేను ఇంకేం వాదించలేదు. ఏప్రిల్‌లో పుదీనా మాడి ఎండిపోయింది. మల్లేశం దాన్ని చూసి గిజగిజలాడేవాడు. "పచ్చగున్నదాన్ని ఎండవెట్టుడేంది పద్మా," అనేవాడు. ఆమె చూసీ చూడనట్టు ఉండేది. ఇటు మా తోటలో సాయమ్మ కూడా ఇటుకల మధ్య ఒక్క చుక్క పొయ్యలేదు, నేను చెప్పినట్టే.

జూన్‌లో వానలు మొదలయ్యాయి. కుండీలో ముందు పుదీనా వేళ్ళ నుంచి రెండు చిగుళ్ళు వచ్చాయి, తరువాత గరిక. జూలై రెండో వారంలో ఒక పొద్దున మల్లేశం ఫోన్.

"మేడం, కుండీల గడ్డి మొలిచింది. పీకబోతే ఆమె నా చెయ్యి పట్టుకున్నది, ఇడుస్తలేదు. గోర్లు దిగినయి. జర వస్తరా?"

తల కూడా సరిగ్గా దువ్వుకోకుండా వెళ్ళాను. పద్మక్క కుండీ పక్కన నేల మీదే కూర్చుని ఉంది. ఆమె చెయ్యి ఇంకా మల్లేశం మణికట్టు మీదే ఉంది. నేను వంగి చూశాను. గడ్డిలాగే ఉంది. ఐరిస్ మొలకతో వచ్చే చిక్కే ఇది, లేతగా ఉన్నప్పుడు ఎవరైనా గడ్డి అనే అనుకుంటారు. తేడా వేళ్ళతో తెలుస్తుంది. గరిక మొదలు గుండ్రంగా గొట్టంలా ఉంటుంది. ఐరిస్ మొదలు నలిపి ఇస్త్రీ చేసినట్టు బల్లపరుపుగా ఉంటుంది, ఒక ఆకు ఇంకో ఆకును కత్తి ఒరలా పట్టుకుని. ఒకదాన్ని రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాను. బల్లపరుపుగా ఉంది. పక్కదీ అంతే.

"గడ్డి కాదన్నా."

"నిజంగనా?"

"నాలుగు," అంది పద్మక్క. స్పష్టంగా. నేనింకా రెండే చూశాను. పుదీనా చిగురు పక్కకు జరిపితే మిగతా రెండూ కనబడ్డాయి.

మల్లేశం గడప మీద కూలబడి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పీకేటోణ్ణి మేడం. ఆమె పట్టుకోకుంటె పీకి అవతల పడేసేటోణ్ణి," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అన్నాడు. ఆమె అతని మణికట్టు మీద తన గోళ్ళు దిగిన చోట బొటనవేలితో రాసింది.

మరో పది రోజులకు తోటలో సాయమ్మ నన్ను పిలిచింది. ఇటుకల మధ్య మూడు. నేను ఆ రోజే పద్మక్కకు చెప్పాలనుకుని, సాయంత్రం ఇల్లు కూడా చేరకుండా నేరుగా వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పగానే ఆమె నవ్వింది. జనవరి తరువాత నన్ను చూసి నవ్వడం అదే మొదలు. ఆ మూడింటిలో ఒకదాన్ని నత్తలు తినేశాయి. రెండు నిలిచాయి.

మరుసటేడు, 2024 జూన్‌లో పద్మక్క తిరిగి లైబ్రరీలో చేరింది. కౌంటర్‌లో కాదు, మాటలు ఎక్కువ అక్కర్లేని పుస్తకాల మరమ్మతు గదిలో. ఎడమచేత్తో లేబుళ్ళు అంటించేది. చిన్న చిన్న వాక్యాలు వస్తున్నాయి, తడుముకుంటూ.

ఆగస్టులో వాళ్ళింటి కుండీలో మొదటి పువ్వు పూసింది. నారింజ రంగు, ఎర్ర చుక్కలు. వారానికి రెండోది. అదీ నారింజే. ఫోన్‌లో మల్లేశం గొంతు దిగాలుగా ఉంది.

"అదే పాత రంగు మేడం. మీ తోటల ఉన్నదే. ఈమె యాడ్నుంచో పసుపు పూల మొక్క తెచ్చి, దీంతోని కలిపి, దాని గింజలు మళ్ళ ఏసి… గింత కష్టపడ్డది ఈ రంగు కోసమా?"

నేను ఆయనకు చెప్పాను. గింజ నుంచి పెంచితే దుంప నుంచి పెంచినట్టు కాదు. దుంప నాటితే తల్లి రంగే వస్తుంది. గింజ వేస్తే ప్రతి మొక్కా వేరే మనిషే, అన్నదమ్ముల్లాగా. పసుపు రంగు ఒక తరం దాక్కుని తరువాతి తరంలో ఏ నాలుగింటిలో ఒకదానికో బయటపడుతుంది, పడకపోనూవచ్చు. ఇదంతా ఫోన్‌లో వెనక నుంచి వింటున్న పద్మక్క ఏమనుకుందో అడిగాను. "ఆమెకేం రంది లేదు మేడం. పొద్దున్నుంచి గా పువ్వు ముంగటే కూసున్నది," అన్నాడు.

సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఉదయం తోటలోకి వెళ్ళేసరికి సాయమ్మ మందారాల దగ్గర నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. ఇటుకల మధ్య ఒక కాడ మీద పువ్వు విచ్చుకుంది. లేత పసుపు. ఒక్క చుక్క కూడా లేదు. పొద్దుటి ఎండకు రేకులు కాగిన నెయ్యిలా మెరుస్తున్నాయి.

ఈ పువ్వు ఆయుష్షు ఒక్క పగలు. సాయంత్రానికి పిండిన గుడ్డలా మెలితిరిగి ముడుచుకుంటుంది. లైబ్రరీకి ఫోన్ చేశాను. మల్లేశం డ్యూటీలో ఉన్నాడు. పద్మక్కను తీసుకురావడానికి సాయమ్మను పంపుదామనుకుంటుండగానే దారి మలుపులో ఆమె కనబడింది. చేతికర్ర పట్టుకుని ఒక్కతే వస్తోంది. లైబ్రరీ నుంచి మా తోటకు అర కిలోమీటరు పైనే. జబ్బు చేశాక అంత దూరం ఒంటరిగా నడవడం అదే మొదటిసారి.

మందారాల కిందికి వచ్చి కర్ర గోడకు ఆనించి, ఎడమచెయ్యి నా భుజం మీద వేసి వంగింది. ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది. నేను మాట్లాడలేదు. ఆమె పక్కన మాట్లాడకుండా ఉండడం అప్పటికి నాకు అలవాటయింది.

చివరికి నేనే అన్నాను. "ఇది నీ మొక్క అక్కా. వానలు తగ్గాక వేరు తెగకుండా తవ్వి, ఇంటికి తెచ్చిస్తాను."

"వద్దు."

"ఎందుకక్కా? ఇన్నేళ్ళు దీని కోసమే కదా."

పది లెక్కపెట్టాను. ఇరవై కూడా దాటి ఉంటుంది. ఆమె పెదాలు మాట కోసం వెతుకుతున్నాయి.

"నారు…" అంది. ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. "నారు పోసింది… నువ్వే… కదా."

సాయమ్మ పకపకా నవ్వింది. ఏడాదిన్నర కిందట వాళ్ళింటి ముందు నిలబడి పారబోశానని ఒప్పుకున్న దాన్ని. ఆ మాటను ఆమె ఇన్నాళ్ళు మనసులో ఉంచుకుని, అందులో 'పార' తీసి 'నారు' పెట్టి నాకు తిరిగి ఇచ్చింది. పద్మక్క కూడా నవ్వుతోంది, కొంటెగా, దుంప ముక్క పీకి కొంగులో వేసుకునే రోజుల్లోలాగా. నాకు మాత్రం నవ్వు రాలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే, ఆమె నా భుజం మీద చెయ్యి తీయకుండా అలాగే ఉంచింది.

గింజల గురించి నేను నేర్చుకున్నది తక్కువ. గట్టిగా ఉన్న గింజను కోసి చూడకుండా చచ్చిందని అనకూడదు, అంతే. అది నా పుస్తకంలో ముందే ఉంది. నేర్చుకున్న అసలు సంగతి వేరే. ఆ జూలై రోజున ఈ గింజల గురించి అన్నీ తెలిసిన మనిషి మా వరండాలో కూర్చుని, చేతనైన పద్ధతిలో నాకు చెబుతూనే ఉంది. ఆమెకు మాట రాదు కాబట్టి చెప్పడానికి ఏమీ ఉండదని నేను అనుకున్నాను. జాలిపడ్డాను గానీ, ఒక్క ప్రశ్న అడగలేదు. ఇప్పుడు మా ల్యాబ్‌కు ఎవరు వచ్చినా, తోడు వచ్చినవాళ్ళు ఎంత గలగలా మాట్లాడినా, గింజలు ఎవరివో ముందు కనుక్కుంటాను. ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఒక్క మాట అడుగుతాను. తరువాత జవాబు వచ్చేదాకా ఆగుతాను.